మధ్య అట్లాంటిక్ తీరంలో భోజనశాలలు, తిండి పండుగలు

అమెరికా తూర్పు తీరంలో న్యూయార్క్ నుంచి వర్జీనియా దాకా ఉన్న రాష్ట్రాలను మిడ్-అట్లాంటిక్ ప్రాంతం అంటారు. దీని హద్దులు ఎవరి లెక్కలో వారివి. అమెరికా జనాభా లెక్కల శాఖ న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియాలను మాత్రమే ఈ పేరు కింద చూపుతుంది. వంటవాళ్లకు ఇచ్చే జేమ్స్ బియర్డ్ పురస్కారాల వాళ్లు న్యూయార్క్‌ను విడిగా ఉంచి, వాషింగ్టన్ డీసీ, డెలావేర్, మేరీలాండ్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియాలను ఒక ప్రాంతంగా లెక్కిస్తారు. ఈ వ్యాసం రెండు లెక్కలనూ కలుపుకుంటుంది, వెస్ట్ వర్జీనియాను కూడా చేర్చుకుంటుంది. తిండి సంగతి చెప్పేటప్పుడు ఆ కొండ రాష్ట్రాన్ని వదిలేయడం సరికాదు.

ఇక్కడ మంచి భోజనం దొరికే చోటు పట్టుకోవాలంటే రెండు విషయాలు తెలియాలి. ఏ నెలలో ఏది చేతికొస్తుంది, దాన్ని ఎవరు ఎందుకు వండుతున్నారు. సముద్రపు పాయలో పీతలు పెంకు వదిలే రోజులు, కొండ మీద అడవి ఉల్లి మొలిచే వారాలు, చర్చివాళ్లు శుక్రవారం చేపలు వేయించే నెల, ఊరి అగ్నిమాపక దళానికి కొత్త బండి కావలసి వచ్చిన ఏడు, ఒక దేశంలో యుద్ధం ముగిసి అక్కడి జనం ఇక్కడికి చేరిన దశాబ్దం: ఈ ప్రాంతపు భోజన పటం వీటితోనే గీసుకున్నది. పత్రికల జాబితాలు, నక్షత్రాల రేటింగులు ఆ తరవాత వచ్చినవి. వాటికీ విలువ ఉంది కానీ వాటితోనే మొదలుపెట్టినవాళ్లకు సగం దేశం కనిపించదు.

పీతల కాలం

చెసపీక్ అఖాతం పొడవు దాదాపు 320 కిలోమీటర్లు. సస్క్వెహన్నా, పొటోమాక్, జేమ్స్ నదుల మంచినీరు వచ్చి అట్లాంటిక్ ఉప్పునీటితో కలిసే చోటు ఇది. ఇలాంటి నదీముఖాల్లో అమెరికాలో ఇదే పెద్దది. ఇందులో పెరిగే నీలిపీత మేరీలాండ్ వాళ్లకు కూడు, కులాసా రెండూ. 1989లో దాన్ని రాష్ట్ర చిహ్నాల్లో చేర్చుకున్నారు. మన కోస్తా ఉప్పుటేళ్లలో దొరికే మండపీత కంటే ఇది చిన్నది, పెంకు పలచన, మాంసం తీపి.

పీతలు తినడానికే వెలసిన క్రాబ్ హౌస్‌లలో బల్ల మీద గుడ్డ ఉండదు. గోధుమరంగు కాగితం పరిచి, ఒక్కొక్కరికి ఒక చెక్క సుత్తి, చిన్న కత్తి ఇస్తారు. నీళ్లూ వెనిగరూ, కొన్నిచోట్ల బీరూ మరిగే పాత్రపైన చిల్లుల తట్టలో పీతలను వరసలుగా పేర్చి, ప్రతి వరస మీదా మసాలా చల్లి ఆవిరికి ఉడికిస్తారు. ఎర్రబడ్డ పీతలను తెచ్చి కాగితం మీదే కుమ్మరిస్తారు. పొట్ట మీది రేకును వేలితో లేపి, పై చిప్ప ఊడదీసి, రెండు పక్కలా బూడిదరంగులో ఉండే మొప్పలను తీసి పారేసి, ఒంటిని రెండు ముక్కలుగా విరవాలి. వెనక ఈదుడు కాలి మొదట్లో దొరికే కండ ముద్ద అన్నిటికన్నా మేలైనది. సుత్తి అవసరం పడేది గోళ్ల దగ్గర మాత్రమే. కొత్తవాళ్లు దాన్ని అన్నిచోట్లా వాడి పెంకు ముక్కలు నోట్లో పోసుకుంటారు. ఈ భోజనం గంటలో తేలేది కాదు, తొందర ఉన్నవాళ్లు వెళ్లవలసిన చోటూ కాదు.

ఆ పొట్ట రేకు చూసి ఆడా మగా చెప్పేస్తారు. మగపీత రేకు వాషింగ్టన్ స్మారక స్తంభంలా సన్నగా, నిటారుగా ఉంటుంది. ఈడొచ్చిన ఆడపీతకు అది క్యాపిటల్ భవనం గుమ్మటంలా గుండ్రంగా ఉంటుంది. మగదాన్ని జిమ్మీ అని, ఆడదాన్ని సూక్ అని పిలుస్తారు. డజను లెక్కన అమ్మేటప్పుడు పెద్ద జిమ్మీలకు ధర ఎక్కువ. మెనూలో ఆ ధర రాయరు. రేవుకు ఆ రోజు వచ్చిన సరుకును బట్టి మారుతుంది.

మసాలా పేరు చెప్పమంటే దేశమంతా ఓల్డ్ బే అంటుంది. నాజీ జర్మనీ నుంచి తప్పించుకుని 1930ల చివర్లో బాల్టిమోర్ చేరిన గుస్తావ్ బ్రన్ అనే యూదు మసాలా వ్యాపారి కలిపిన పొడి అది. సెలరీ ఉప్పు, మిరియం, ఎండుమిరప, పాప్రికా అందులో ముఖ్యమైనవి. 1990లో మెకార్మిక్ కంపెనీ ఆ పేరును కొనుక్కుంది. అయితే ఎక్కువ క్రాబ్ హౌస్‌ల వంటింట్లో ఉండేది జె.ఓ. స్పైస్ వారి ఉప్పు పలుకుల మసాలా. పెంకుకు అంటుకునేది ఆ మోటు పలుకే, తినేవాళ్ల వేళ్ల నుంచి పెదాలకు చేరేదీ అదే.

మెత్తపెంకు పీత కథ వేరు. నీలిపీత పెరిగే కొద్దీ పాత పెంకు విడుస్తుంది. కొత్త పెంకు గట్టిపడేలోపు ఉండే కొద్ది గంటల్లో దాన్ని నీళ్లలోంచి తీస్తే కాళ్లూ డొప్పా సహా మొత్తం తినవచ్చు. ఈదుడు కాలి చివరి రేకులో ఒక సన్నని గీత ఉంటుంది. తెల్లగా ఉంటే ఇంకా సమయం ఉందని, ఎర్రబడితే ఒకటి రెండు రోజుల్లో పెంకు వదులుతుందని జాలర్ల లెక్క. ఎర్రగీత పీతలను తొట్లలో వేసి రాత్రీ పగలూ కాపలా కాస్తారు. సకాలంలో తీయకపోతే పెంకు గట్టిపడుతుంది, తోటి పీతలు మెత్తదాన్ని తినేస్తాయి కూడా. మే నెల పౌర్ణమి ముందూ వెనకా మొదటి విడత వస్తుందని అక్కడివాళ్లు చెబుతారు. పిండి అద్ది వేయించి, రెండు రొట్టె ముక్కల మధ్య కాళ్లు బయటికి కనిపించేలా పెట్టి ఇస్తారు. మేలో మేరీలాండ్ వెళ్లి ఇది తినకుండా రావద్దు.

ఈ పీతల పట్టణం క్రిస్‌ఫీల్డ్. అఖాతానికి తూర్పు గట్టున, ఆయిస్టర్ చిప్పలు పోసి గట్టిపరచిన నేల మీద లేచిన ఊరు. 1947 నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే వారాంతంలో ఇక్కడ నేషనల్ హార్డ్ క్రాబ్ డెర్బీ జరుగుతోంది. పీతలకు పరుగు పందెం, మాంసం ఒలిచే పోటీ, పడవ నడిపే పోటీ ఉంటాయి. ఏటా ఇదే ఊళ్లో మాజీ గవర్నర్ మిల్లర్డ్ టాస్ పేరిట పీతల, క్లామ్‌ల విందు పెడతారు. ఎన్నికల్లో నిలబడదలచిన మేరీలాండ్ నాయకులు అక్కడ చెమటోడ్చుతూ బల్లల మధ్య తిరగవలసిందే. క్రిస్‌ఫీల్డ్ నుంచి పడవ మీద వెళ్లే స్మిత్ దీవిలో దోసెంత పలచటి పొరలు ఎనిమిది పది పేర్చి, మధ్యన చాక్లెట్ పూత పూసే కేకు చేస్తారు. 2008లో దాన్ని రాష్ట్ర మిఠాయిగా ప్రకటించారు.

ఇక హెచ్చరిక. 1990 నుంచి ఏటా చలికాలంలో అఖాతం అడుగున పీతలను లెక్కిస్తున్నారు. 2022లో ఆ అంచనా 22.7 కోట్లకు పడిపోయింది, అప్పటికి అదే అతి తక్కువ. సరుకు చాలని నెలల్లో మేరీలాండ్ బల్లల మీదికి లూసియానా, టెక్సాస్ పీతలు వస్తాయి. క్రాబ్ కేక్‌లోకి వచ్చే డబ్బా మాంసం ఇండోనేషియాదో వెనిజులాదో కావచ్చు. 2015లో ఓషియానా అనే సముద్ర పరిరక్షణ సంస్థ ఈ ప్రాంతంలో 90 క్రాబ్ కేకులకు పరీక్ష చేయించగా 38 శాతంలో చెప్పిన పీత ఒకటి, ఉన్న పీత ఇంకొకటి. స్థానిక మాంసం వాడే భోజనశాలలను గుర్తించడానికి మేరీలాండ్ ప్రభుత్వం 'ట్రూ బ్లూ' అనే ముద్ర ఇస్తోంది. ముద్ర కనబడకపోతే పీత ఎక్కడిదని అడగడంలో మొహమాటం అక్కర్లేదు, అక్కడివాళ్లూ అడుగుతారు. ఆ మాంసం ఒలిచే చేతులు కూడా గుర్తుండాలి. ఒకప్పుడు ఎక్కువగా నల్లజాతి స్త్రీలు చేసిన ఈ పని ఇప్పుడు హూపర్స్ దీవిలో తాత్కాలిక వీసాల మీద ఏటా వచ్చే మెక్సికన్ స్త్రీల మీద నడుస్తోంది. వీసాలు ఆలస్యమైన ఏడు మాంసం దొరకదు.

ఆయిస్టర్లు పీతలు వెళ్లిపోయే చలికి వస్తాయి. 1880ల మధ్యలో మేరీలాండ్ జలాల నుంచి ఏడాదికి కోటిన్నర బుషెళ్ల దాకా తీశారు. అతిగా తోడేయడం వల్ల, తరవాత రోగాల వల్ల ఆ సంపద అడుగంటింది. ఇప్పుడు భోజనశాలల్లో పచ్చిగా చిప్పలో ఇచ్చేవి ఎక్కువగా పెంచినవి. అక్టోబరులో మేరీలాండ్‌లోని లెనార్డ్‌టౌన్‌లో జాతీయ చిప్ప ఒలిచే పోటీ జరుగుతుంది. నవంబరు మొదటి వారాంతంలో వర్జీనియాలోని అర్బానా అనే చిన్న రేవు పట్టణం ఆయిస్టర్ పండుగ చేసుకుంటుంది. 1958లో మొదలైన ఆ పండుగకు ఊరి జనాభాకు ఎన్నో రెట్లు జనం వస్తారు.

అగ్నిమాపక దళం వంట

ఈ ప్రాంతంలో చాలా పల్లెటూళ్లకూ చిన్న పట్టణాలకూ జీతగాళ్లైన అగ్నిమాపక సిబ్బంది ఉండరు. ఊరివాళ్లే దళంగా ఏర్పడతారు. 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టిన నాటి నుంచి వస్తున్న పద్ధతి ఇది. బండికీ గొట్టాలకూ డబ్బు కావాలి, ఆ డబ్బు కోసం వండుతారు. కోళ్లు కాల్చడం, ఆయిస్టర్లు కాల్చడం, పీతల విందు, ఆదివారం పొద్దుటి పాన్‌కేకులు, బాల్టిమోర్ చుట్టుపక్కల బొగ్గుల మీద కాల్చి పలచగా కోసిన గొడ్డు మాంసంతో చేసే బుల్ రోస్ట్: ఇవన్నీ ఆ చందా వంటలే. టికెట్టు కొంటే కడుపు నిండా పెడతారు. వండేవాళ్లు వృత్తి వంటవాళ్లు కారు. అయినా ముప్ఫై ఏళ్లుగా అదే గాడిపొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ల చేతివాటం ఏ పెద్ద హోటల్‌లోనూ దొరకదు. ఈ ప్రాంతం అసలు రుచి ఎక్కడుందని అడిగితే ముందు చూపించవలసింది ఈ దళాల షెడ్లనే.

వర్జీనియా తీరంలోని చింకటీగ్ దీవి ఇందుకు మంచి ఉదాహరణ. పక్క దీవిలో తిరిగే అడవి గుర్రాల మంద అక్కడి అగ్నిమాపక దళం సొత్తు. 1925 నుంచి ఏటా జులై చివర వాటిని కాలువ ఈదించి ఇవతలికి తెచ్చి, గుర్రం పిల్లలను వేలం వేస్తారు. దానితోపాటు జరిగే సంతలో ఆయిస్టర్లు, క్లామ్‌లు పిండిలో కలిపి వేసిన బజ్జీల సాండ్‌విచ్ కోసం జనం బారులు తీరతారు. పెన్సిల్వేనియా లాంకస్టర్ జిల్లాలో ఫిబ్రవరి చివరి నుంచి జరిగే 'మడ్ సేల్' కూడా దళాలదే. మంచు కరిగి బురదగా మారిన పొలాల్లో ఆమిష్ అనే క్రైస్తవ శాఖ వారి బగ్గీ బళ్లు, బొంతలు, నాగళ్లు వేలం వేస్తారు. ఒక పక్క కోడి, మొక్కజొన్న వేసిన సూపు పెద్ద గుండిగల్లో ఉడుకుతూ ఉంటుంది.

న్యూయార్క్ రాష్ట్రం ఎగువ భాగంలో దళాల వాళ్లు కాల్చే కోడికి ఒక విశ్వవిద్యాలయం ఆధారం. కార్నెల్‌లో కోళ్ల శాస్త్రం చెప్పిన ఆచార్యుడు రాబర్ట్ బేకర్ వెనిగరు, నూనె, గుడ్డు, ఉప్పు, మూలికల పొడి కలిపి ఒక పూత తయారుచేసి, వందల మందికి ఒకేసారి కాల్చే పద్ధతిని 1950లో చిన్న పుస్తకంగా పంచిపెట్టాడు. కోళ్ల రైతులకు సరుకు కదలడం ఆయన ఉద్దేశం. సిరక్యూస్ రాష్ట్ర సంతలో ఆయన పేరిట కోడి దుకాణం నేటికీ ఉంది.

చర్చిలదీ ఇదే దారి. ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాస కాలంలో క్యాథలిక్కులు శుక్రవారాలు మాంసం ముట్టరు. అందువల్ల పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల ప్రతి శుక్రవారం చర్చి నేలమాళిగల్లో, దళాల షెడ్లలో చేపలు వేయిస్తారు. రొట్టెను దాటి రెండు పక్కలా బయటికి వచ్చేంత చేపముక్క, పోలిష్ వాళ్ల పిరోగీలు, క్యాబేజీ వేసిన నూడిల్స్ ఉంటాయి. అవి ఎక్కడెక్కడ జరుగుతున్నాయో స్వచ్ఛంద కార్యకర్తలు ఏటా ఒక పటం తయారుచేసి అందరికీ అందిస్తారు. తెలియని ఊళ్లో ఇంతకంటే మంచి దారి చూపుడు వేలు ఉండదు.

పొలాలు, కొండలు

పెన్సిల్వేనియాలో కెనెట్ స్క్వేర్ అనే ఊరు, దాని చుట్టూ ఉన్న చెస్టర్ జిల్లా కలిసి అమెరికాలో పండే పుట్టగొడుగుల్లో సగానికి పైగా పండిస్తాయి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడి క్వేకర్ పూలతోటల వాళ్లు గాజు షెడ్లలో కార్నేషన్ పూల అరల కింద ఖాళీగా పడున్న చీకటి జాగాను చూసి, అందులో పుట్టగొడుగులు వేసి చూశారు. గుర్రపుశాలల నుంచి వచ్చే గడ్డి, పెంట ఎరువుగా సమీపంలోనే దొరికాయి. అమ్ముకోవడానికి ఫిలడెల్ఫియా, న్యూయార్క్ దగ్గరే ఉన్నాయి. 1986లో మొదలైన మష్రూమ్ ఫెస్టివల్ లేబర్ డే తరవాతి వారాంతంలో జరుగుతుంది. పండుగ రోజు సూపు, వేపుళ్లు బాగుంటాయి. మామూలు రోజున ఆ ఊరు వెళ్లినా నష్టం లేదు: షెడ్లలో పుట్టగొడుగులు కోసే మెక్సికన్ కుటుంబాల కోసం వెలసిన టాకో దుకాణాలు ఏడాది పొడవునా తెరిచే ఉంటాయి.

జర్మన్ మాట్లాడే రైతులు పద్దెనిమిదో శతాబ్దంలో వచ్చి స్థిరపడిన పెన్సిల్వేనియా డచ్ ప్రాంతానికి తనదైన వంట ఉంది. బెల్లపు పాకం లాంటి మొలాసిస్‌తో చేసే షూఫ్లై పై, ఉపవాసాలకు ముందు మంగళవారం వేయించే ఫాస్నాట్ అనే డోనట్లు, కొత్త సంవత్సరం నాడు పంది మాంసంతో పులిసిన క్యాబేజీ అందులో కొన్ని. 1950 నుంచి జరుగుతున్న కుట్జ్‌టౌన్ జానపద ఉత్సవంలో ఇవన్నీ ఒక చోట చూడవచ్చు. లాంకస్టర్ ఊరి నడుమ 1889 నాటి ఇటుక కట్టడంలో నడిచే సెంట్రల్ మార్కెట్ మంగళ, శుక్ర, శనివారాల్లో తెరుస్తారు. పొద్దున్నే వెళ్లినవాళ్లకే మంచి సరుకు.

పంది తలకాయ, కాలేయం వంటి మిగులు మాంసాన్ని మొక్కజొన్న పిండితో ఉడకబెట్టి, అచ్చులో పోసి, ముక్కలు కోసి వేయించేది స్క్రాపుల్. డెలావేర్‌లోని బ్రిడ్జ్‌విల్ దానికి పెట్టింది పేరు. అక్టోబరు రెండో వారాంతంలో ఆపిల్ స్క్రాపుల్ పండుగ చేస్తారు. న్యూజెర్సీ పైన్ అడవుల నేల బ్లూబెర్రీకి నచ్చే ఆమ్లనేల. ఎలిజబెత్ వైట్ అనే క్రాన్‌బెర్రీ రైతు బిడ్డ, ఫ్రెడరిక్ కోవిల్ అనే వృక్షశాస్త్రవేత్తతో కలిసి వైట్స్‌బాగ్‌లో అడవి మొక్కల నుంచి బ్లూబెర్రీ సాగు రకాలను తీసి, 1916లో మొదటి పంట అమ్మింది. ఇప్పుడు ఆ రాష్ట్రంలో జూన్ చివర బ్లూబెర్రీకీ, అక్టోబరులో క్రాన్‌బెర్రీకీ పండుగలున్నాయి.

వెస్ట్ వర్జీనియా కొండల్లో ఏప్రిల్ అంటే ర్యాంప్. వెల్లుల్లి ఘాటు, ఉల్లి తీపి కలిసిన ఈ అడవి ఆకును బంగాళాదుంపలతో పంది కొవ్వులో వేయిస్తారు. తిన్నవాళ్ల ఒంటి నుంచి ఒకటి రెండు రోజులు వాసన పోదు. రిచ్‌వుడ్ పట్టణం దీని విందుకు పేరు పొందింది. అక్కడి పత్రికా సంపాదకుడు జిమ్ కామ్‌స్టాక్ ఒకసారి ర్యాంప్ రసం కలిపిన సిరాతో పత్రిక అచ్చువేసి పోస్టాఫీసు వాళ్ల చేత చీవాట్లు తిన్నాడు. ఫెయిర్‌మాంట్‌లో ఇటాలియన్ బేకరీ యజమాని జుసెప్పే ఆర్జిరో గని కార్మికుల కోసం 1927 ప్రాంతంలో చేయడం మొదలుపెట్టిన పెప్పరోనీ రోల్ ఇప్పుడు ఆ రాష్ట్రం అధికారిక వంటకం.

నగరాల మార్కెట్లు

ఫిలడెల్ఫియాలో రైలు షెడ్డు కింద 1893లో తెరిచిన రీడింగ్ టెర్మినల్ మార్కెట్ ఈ ప్రాంతాన్ని ఒక్క కప్పు కిందకి తెచ్చింది. ఆమిష్ వాళ్ల రొట్టెలూ పచ్చళ్లూ, ఇటాలియన్ వాళ్ల పంది మాంసం సాండ్‌విచ్‌లు, చేపలు, మసాలాలు పక్కపక్కనే ఉంటాయి. ఆదివారం ఆమిష్ దుకాణాలు మూసేస్తారు. బాల్టిమోర్‌లో లెక్సింగ్టన్ మార్కెట్ 1782 నాటిది. అక్కడ 1886 నుంచి ఉన్న ఫెయిడ్లీస్‌లో నిలబడి తినే క్రాబ్ కేక్‌లో పిండి దాదాపు కనిపించదు, అంతా కండే. వాషింగ్టన్ రేవులో 1805 నాటి చేపల బజారు పడవల మీదే నడుస్తోంది. మేరీలాండ్, వర్జీనియాల్లో ఉన్న తెలుగువాళ్లు బతికున్న పీతలు కొని ఇంటికి తీసుకెళ్లి ఇగురు పెట్టుకునేది ఇలాంటి చోట్ల నుంచే.

ఫిలడెల్ఫియా చీజ్‌స్టేక్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1930లో పాట్ ఒలివియేరి మొదలుపెట్టాడు. 1966లో ఎదురుగా జీనోస్ వచ్చింది. ఇద్దరిలో ఎవరిది గొప్ప అనే వాదం పర్యాటకులది. రోస్ట్ పోర్క్ సాండ్‌విచ్ దానికంటే రుచికరమన్నది ఆ ఊళ్లో చాలామంది మాట, అది సబబైన మాటే. బఫెలో నగరంలో యాంకర్ బార్ 1964లో పుట్టించిన కోడి రెక్కలకు 2002 నుంచి లేబర్ డే వారాంతంలో పండుగ ఉంది. న్యూయార్క్ మల్బరీ వీధిలో 1926లో మొదలైన సాన్ జెనారో జాతర సెప్టెంబరులో పదకొండు రోజులు సాగుతుంది.

పెన్సిల్వేనియా, న్యూజెర్సీల్లో కొత్తవాళ్లకు ఆశ్చర్యం కలిగించేది ఒకటుంది. ఎన్నో మంచి భోజనశాలల్లో మద్యం అమ్మరు, మీ సీసా మీరే తెచ్చుకోమంటారు. మద్యం లైసెన్సులు జనాభాను బట్టి పరిమితం. చేతులు మారేటప్పుడు వాటి ధర విపరీతం. అంత పెట్టుబడి లేని యువ వంటవాళ్లు లైసెన్సు మానుకుని ముప్ఫై కుర్చీల చిన్న హోటళ్లు తెరిచారు. చట్టం పెట్టిన ఇబ్బంది ఫిలడెల్ఫియాకు ఒక మంచి అలవాటును తెచ్చిపెట్టింది.

వలస వచ్చినవాళ్ల బజార్లు

1975లో సైగాన్ పతనం తరవాత వచ్చిన వియత్నామీయులు మొదట వర్జీనియా ఆర్లింగ్టన్‌లోని క్లారెండన్‌లో దుకాణాలు పెట్టుకున్నారు. మెట్రో రైలు పనులతో వీధులు తవ్వి ఉండటం వల్ల అప్పట్లో అద్దెలు తక్కువ. రైలు వచ్చాక అద్దెలు పెరిగాయి, దుకాణాలు వెళ్లిపోవలసి వచ్చింది. 1984లో ఫాల్స్ చర్చ్‌లో మొదలైన ఈడెన్ సెంటర్ వాళ్లకు కొత్త నెలవు. ఫో, బాన్ మీ సాండ్‌విచ్, చెరకురసం, కాల్చిన బాతు దొరికే ఆ సముదాయంలో చాంద్రమాన నూతన సంవత్సరానికి సింహ నృత్యాలు, బాణసంచా ఉంటాయి. తమ దేశంలో 1974లో వచ్చిన విప్లవం తరవాత వాషింగ్టన్ చేరిన ఇథియోపియన్లు పులిసిన టెఫ్ పిండితో పోసే ఇంజెరాను ఊరి భోజనంగా మార్చేశారు. పప్పులు, ఆకుకూరలతో వాళ్లు వడ్డించే ఉపవాసపు పళ్లెం శాకాహారులైన తెలుగువాళ్లకు ఆ నగరంలో దొరికే అత్యుత్తమ భోజనాల్లో ఒకటి. యూ స్ట్రీట్‌లో 1958లో బెన్స్ చిల్లీ బౌల్ తెరిచిన బెన్ అలీ ట్రినిడాడ్‌లో పెరిగిన భారత సంతతివాడు. మార్టిన్ లూథర్ కింగ్ హత్యతో రేగిన 1968 అల్లర్ల రోజుల్లో వీధిలో అన్నీ మూసినా ఆ హోటల్ తెరిచే ఉంది.

జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం ఆర్థికవేత్త టైలర్ కోవెన్ చాలా ఏళ్లుగా వాషింగ్టన్ చుట్టుపక్కల విదేశీ వంటల హోటళ్ల మీద ఒక గైడు రాస్తున్నాడు. 2012లో అదే ఆలోచనతో పుస్తకమూ తెచ్చాడు. అద్దె తక్కువ ఉన్న శివారు దుకాణాల వరసలోనే వంటవాడు సాహసం చేయగలడని, అలంకారం ఖర్చు లేని చోట ఖర్చంతా పళ్లెంలో కనిపిస్తుందని ఆయన వాదన. ఈ ప్రాంతంలో అది అక్షరాలా నిజం.

న్యూయార్క్ క్వీన్స్‌లో 2015 నుంచి వేసవి శనివారాల్లో జరిగే నైట్ మార్కెట్ ఇదే బుద్ధితో పుట్టింది. ఎక్కువ వంటకాల ధర ఐదారు డాలర్లు మించకూడదని నిర్వాహకులు నియమం పెట్టడం వల్ల చేతిలో కొద్ది డబ్బుతో ఎన్నో దేశాల వంట తినవచ్చు. అక్కడికి దగ్గరలోనే ఫ్లషింగ్ గణేశ ఆలయం ఉంది. 1977లో ప్రతిష్ఠ జరిగిన ఆ గుడి నేలమాళిగ కాంటీన్‌లో దోసెలు, వడలు, పొంగలి కోసం భక్తులతోపాటు ఊరివాళ్లందరూ వస్తారు.

తెలుగువాళ్లకు గుడి కాంటీన్లే ఈ ప్రాంతంలో మొదటి ఉడిపి హోటళ్లు. తిరుమల తిరుపతి దేవస్థానం సహకారంతో 1970లలో పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లో కట్టిన వేంకటేశ్వరాలయానికి ఆ రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో కార్లలో వచ్చేవాళ్లు. దర్శనం తరవాత దొరికే పులిహోర, దద్ధోజనం ఆ ప్రయాణంలో సగం కారణం. మేరీలాండ్ లాన్‌హమ్‌లోని శివవిష్ణు ఆలయంలో, న్యూజెర్సీ బ్రిడ్జ్‌వాటర్ బాలాజీ మందిరంలో కూడా కాంటీన్లున్నాయి. న్యూజెర్సీలోనే ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డు గుజరాతీ, పంజాబీ దుకాణాలతో మొదలై ఇప్పుడు దక్షిణాది వంటనూ కలుపుకుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పెరిగిన ఉత్తర వర్జీనియాలో హెర్న్‌డన్, షాంటిలీ, యాష్‌బర్న్ ఊళ్లలో ఉలవచారు బిర్యానీ, గోంగూర మటన్, రాజుగారి కోడి పులావు మెనూలో మామూలు మాటలు. మెనూ ఎంత పొడుగ్గా ఉంటే వంట అంత పలచనవుతుందన్నది అక్కడా వర్తిస్తుంది. రోజుకో కూర మార్చి భోజనం పెట్టే చిన్న మెస్సుల్లోనే ఇంటి రుచి దగ్గరగా ఉంటుంది. 1977లో న్యూయార్క్‌లో మొదటి సభ జరుపుకున్న ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) 2019లో వాషింగ్టన్‌లో, 2023లో ఫిలడెల్ఫియాలో మహాసభలు పెట్టింది. వేల మందికి బంతి భోజనం వడ్డించడం ఆ సభల్లో ఒక పెద్ద కార్యక్రమమే.

విమర్శకులు, నక్షత్రాలు, రెస్టారెంట్ వీక్

అమెరికాలో రివ్యూల సంస్కృతికి పుట్టిల్లూ ఈ ప్రాంతమే. న్యూయార్క్ టైమ్స్‌లో క్రెయిగ్ క్లెయిబోర్న్ 1960ల మొదట్లో నక్షత్రాల పద్ధతి తెచ్చాడు. 1979లో టిమ్, నీనా జాగట్ అనే న్యాయవాద దంపతులు స్నేహితుల అభిప్రాయాలు పోగుచేసి, 30 మార్కులకు లెక్కగట్టి అచ్చువేసిన కాగితం దేశమంతా వాడే ఎర్ర పుస్తకమైంది. 2011లో దాన్ని గూగుల్ కొన్నది. వాషింగ్టన్ పోస్ట్‌లో ఫిలిస్ రిచ్‌మన్ 1976 నుంచి 2000 దాకా రాసింది. ఫిలడెల్ఫియా ఇంక్వైరర్‌లో 1998 నుంచి రాస్తున్న క్రెయిగ్ లబాన్ చాలా ఏళ్లు నక్షత్రాలకు బదులు గంటలు ఇచ్చాడు, ఆ ఊరి లిబర్టీ గంటకు గుర్తుగా. ఒక ఊరిని ఏళ్ల తరబడి తిని రాసిన ఇలాంటి వాళ్ల మాట వేలాది అజ్ఞాత రేటింగుల సగటు కంటే నమ్మదగ్గది.

మిషెలిన్ గైడు 2005లో న్యూయార్క్‌కు, 2016లో వాషింగ్టన్‌కు, 2025లో ఫిలడెల్ఫియాకు వచ్చింది. వర్జీనియా పల్లెలో 1978లో పాత గ్యారేజీలో మొదలైన ఇన్ ఎట్ లిటిల్ వాషింగ్టన్‌కు 2018లో మూడు నక్షత్రాలు దక్కాయి. ఇటీవల ఏ నగరానికి గైడు రావాలన్నదానిలో అక్కడి పర్యాటక సంస్థలు పెట్టే ఖర్చుకూ పాత్ర ఉంది కాబట్టి, గైడు రాని బాల్టిమోర్‌లో మంచి వంట లేదనుకోకూడదు. జేమ్స్ బియర్డ్ పురస్కారాల జాబితా ఇంతకంటే విశాలం: మధ్య అట్లాంటిక్ ఉత్తమ వంటవాడిగా 2014లో వాషింగ్టన్ రసికా హోటల్‌కు చెందిన విక్రమ్ సుందరం, 2022లో ఫిలడెల్ఫియాలో మెక్సికన్ బార్బకోవా వండే క్రిస్టినా మార్టినెజ్, 2023లో థాయ్ వంటల చుటాటిప్ సుంటరానన్ దాన్ని అందుకున్నారు. సుందరం చేసే పాలకూర చాట్ కరకరలాడే ఆకుల మీద పెరుగు, చింతపండు చట్నీ పోసి ఇచ్చేది. ఆ హోటల్ పేరు వినగానే అందరూ తలచేది దాన్నే.

ఖరీదైన చోట్లకు తక్కువలో వెళ్లే దారి రెస్టారెంట్ వీక్. 1992 జులైలో డెమోక్రటిక్ పార్టీ మహాసభ న్యూయార్క్‌లో జరిగినప్పుడు టిమ్ జాగట్, హోటళ్ల వ్యాపారి జో బామ్ కలిసి మూడు వంటకాల మధ్యాహ్న భోజనాన్ని 19 డాలర్ల 92 సెంట్లకు పెట్టించారు. జనం విరగబడటంతో అది ఏటేటా సాగింది. 2001 సెప్టెంబరు దాడుల తరవాత ఖాళీ అయిన హోటళ్లను నింపడానికి వాషింగ్టన్ దాన్ని తెచ్చుకుంది. ఇప్పుడక్కడ జనవరిలో, ఆగస్టులో జరుగుతుంది. మధ్యాహ్నం వెళ్లడం లాభం. రాత్రి భోజనానికి కొన్ని చోట్ల పెట్టేది మామూలు మెనూలోని చౌక వంటకాలే, ముందుగా మెనూ చూసుకుని బల్ల రిజర్వు చేసుకోవాలి.

ఈ ప్రాంతానికి ఒక్కసారే వెళ్లే వీలుంటే సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు చివరిదాకా ఎంచుకోండి. చలికి ముందు పీతలు బరువెక్కి ఉంటాయి, ఆయిస్టర్లు మొదలవుతాయి, ఆపిల్, క్రాన్‌బెర్రీ కోతకు వస్తాయి. వెళ్లేముందు ఆ ఏటి తేదీని నిర్వాహకుల దగ్గరే సరిచూసుకోండి. దళాల విందులకు టికెట్లు ముందే అయిపోతాయి. చర్చిల్లో, దళాల షెడ్లలో చాలాచోట్ల నగదు తప్ప ఇంకేదీ తీసుకోరు కనుక కొంత చిల్లర జేబులో ఉంచుకుని, తెరిచే వేళకే చేరుకోండి.